తువ్వాలు కింద సత్రం

ఆదోని పత్తి మండీలో నోటితో బేరమాడేవాణ్ణి ఎవరూ నమ్మరు. నోరు ఎండల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ పక్కింటి పెళ్ళి గురించీ మాట్లాడుతూ ఉంటుంది. బేరం మాత్రం తువ్వాలు కింద నడుస్తుంది. రైతు చేతిమీద, దళారి చేతిమీద ఒకే గుడ్డ కప్పుతారు. లోపల వేళ్ళు వేళ్ళను పట్టుకుంటాయి. ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. చుట్టూ పదిమంది గుడ్లప్పగించి చూసినా లోపలి సంగతి ఒక్కడికీ అంతుపట్టదు. ఆఖరున దళారి అవతలివాడి అరచేతిని గట్టిగా నొక్కి "ఖరారు" అన్నాడంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ మాట మారదు.

అలాంటి తువ్వాలును ముప్పై ఏళ్ళు భుజాన మోసినవాడు కాశప్ప శెట్టి. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాశీవిశ్వనాథం. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఆదోనిలో ఎవరికీ లేకపోయింది. మనిషి సన్నగా ఉంటాడు, మీసం మాత్రం బాగా పెంచాడు. మండీలో ఆయన నొక్కిన చెయ్యి వెనక్కి పోయిందన్న మాట ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ వినపడలేదు. ఆ గొప్ప ఆయనకూ తెలుసు. తెలిసినట్టు కనపడకుండా ఉండాలని చాలా తంటాలు పడేవాడు గానీ, మీసం దాచేది కాదు.

అలవాటు ముదిరితే రోగం కంటే మొండిది. మంగలి దగ్గర గడ్డం గీయించుకోవడానికి కూడా తువ్వాలు కప్పి, ఎల్లుండి వస్తానని రెండు వేళ్ళు నొక్కేవాడు. ఇంట్లో భార్య భాగ్యలక్ష్మి ఇంకో రొట్టె కావాలా అని అడిగితే నోరు విప్పకుండా ఒక వేలు చూపించేవాడు. "ఈడ మనమిద్దరమే ఉండాము, ఎవురు వింటారని?" అని ఆమె అడిగి అడిగి విసిగిపోయింది.

మండీ ఆయనకు ఒక కన్నయితే రెండో కన్ను సత్రం. శెట్టి తండ్రి, తోటి పత్తి వ్యాపారులు కలిసి మంత్రాలయం యాత్రికుల కోసం కట్టించారు. నాపబండల నేల, వెడల్పాటి హాలు, వెనక చేదబావి, వాకిలి పక్కన దీపానికి ఒక గూడు. బండ్లు కట్టుకుని వచ్చే కాలంలో పత్తికొండ, దేవనకొండ వైపు జనం ఇక్కడ ఆగి, వండుకుని, పడుకుని, తెల్లారి బయలుదేరేవాళ్ళు. తండ్రి పోతూ పోతూ ఆస్తి గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. "వచ్చేటోళ్ళకు తలుపు మూయొద్దు, వాకిట్లో దీపం ఆరనియ్యొద్దు" అన్నాడు. ఆ రోజు నుంచీ తాళంచెవి శెట్టి మొలతాడుకు వేలాడుతూనే ఉంది.

తరవాత ఆదోని నుంచి మంత్రాలయానికి బస్సు పడింది. జనం ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కి పోవడం మొదలుపెట్టారు. సత్రంలో ఆగే అవసరం ఎవరికీ లేకపోయింది. మొదటి ఏడు పదిమంది వచ్చారు. రెండో ఏడు ముగ్గురు వచ్చారు, అందులో ఒకడు అడ్రసు అడగడానికి వచ్చినవాడు. ఆ తరవాత బల్లులూ పావురాలే. ఊరందరిదీ ఒకదారి అయితే ఉలిపికట్టెది ఒకదారి అన్నట్టు, కాశప్ప శెట్టి మాత్రం రోజూ పొద్దున్నే హాలు ఊడ్చి, కుండలో నీళ్ళు నింపి, సందెవేళ గూట్లో దీపం పెట్టి, మళ్ళీ తాళం వేసుకుని వచ్చేవాడు. అంతటితో ఆగినా బాగుండేది. బస్టాండుకు పోయి, బస్సులో కూర్చున్న యాత్రికులతో "దిగండప్పా, అలిసిపోయింటారు, సత్రంలో పండుకొని రేపు పోదురు" అని బతిమాలేవాడు. ఎదురుగా బస్సు పెట్టుకుని ఎవడు దిగుతాడు? ఆయన కనపడితే చాలు, కండక్టరు తొందరగా రైట్ చెప్పి బండి కదిలించేవాడు.

తాలూకా బళ్ళారిని వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి ఏడు, ఉగాది దాటిన వారంలో, ఆ తాళంచెవికి గండం వచ్చింది. గండం పేరు నరసన్న. మండీలో మూటలు మోసే హమాలీ కొడుకు, ఇరవై ఏళ్ళవాడు. పదకొండుమంది కుర్రవాళ్ళను పోగేసి ఒక నాటకం కట్టాడు. కరువులో ధాన్యపు కొట్టుకు తాళం వేసుకున్న రాజు కథ. తనే రాశాడు. ఎమ్మిగనూరు తేరు నాటికి అక్కడ ఆడాలని పంతం.

నాటకం ఉంది, ఆడేవాళ్ళున్నారు, నిలబడడానికే చోటు లేదు. పత్తి గింజలు తీసే జిన్ను ఫ్యాక్టరీ ఆవరణలో మొదలుపెడితే, మంత్రి వేషగాడు దూది పక్కన బీడీ వెలిగించాడని మేనేజరు తరిమేశాడు. కొండ మీదికి పోతే గాలికి ఒకరి మాట ఒకరికి వినపడలేదు. చివరికి శ్మశానం ఖాళీగా కనపడి అక్కడికి పోయారు. రాజు చచ్చిపోయే ఘట్టంలో రాణి వేషగాడు ఎంత బాగా ఏడ్చాడంటే, దారిన పోయేవాళ్ళు ఇద్దరు వచ్చి "ఎవురప్పా పోయింది, ఎన్నేండ్లు?" అని పరామర్శించి, ఇంటికి పోయి తలస్నానం చేశారు. ఆ సంగతి తెలిసిన మర్నాడు ఊళ్ళో వాళ్ళు శ్మశానం నుంచి కూడా తరిమేశారు.

అప్పుడు నరసన్న మండీకి వచ్చి, కాశప్ప శెట్టి ఎదుట నిలబడ్డాడు.

"శెట్టీ, సత్రం ఖాళీగానే ఉండాది గదా. వారానికి కొన్ని దినాలు మాకియ్యండి. నాటకం నేర్చుకుంటాము."

కుదరదు అన్న మాట శెట్టి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చుట్టూ ఎనిమిదిమంది ఉన్నారు. మండీలో ఎనిమిదిమంది ముందు అవుననడం గానీ కాదనడం గానీ ఆయన ఎరగడు. ఆయన ప్రమేయం లేకుండానే చెయ్యి లేచింది, తువ్వాలు భుజం మీంచి దిగింది. హమాలీ కొడుక్కి చెప్పాలా? మండీలో పుట్టి మండీలో పెరిగినవాడు. చెయ్యి లోపలికి పెట్టి ఏకంగా ఐదు వేళ్ళు పట్టుకున్నాడు. వారానికి ఐదు రోజులు!

ఎంత పొగరు! శెట్టికి ఒళ్ళు మండింది. చెయ్యి లాగేసుకుంటే అయిపోయేది. కానీ ఐదుతో మొదలుపెట్టినవాణ్ణి దించకుండా వదిలిపెట్టడం ముప్పై ఏళ్ళలో ఎన్నడూ జరగలేదు. ఒక వేలు పట్టుకున్నాడు.

"ఈ ఏడు ఎండలు ముదిరినాయి నరసన్నా" అంది శెట్టి నోరు.

"అవును శెట్టీ, మా నాయనకు వడదెబ్బ తగిలింది" అంటూ నరసన్న నాలుగు పట్టుకున్నాడు.

"మజ్జిగ తాపించు" అని శెట్టి రెండు పట్టుకున్నాడు.

నరసన్న చెయ్యి వెనక్కి తీసుకుని పోబోయాడు. అది పాత ఎత్తు. శెట్టి పుట్టకముందు నుంచీ మండీలో ఉంది. తెలిసి తెలిసి శెట్టి ఆ చెయ్యి మళ్ళీ లోపలికి లాక్కున్నాడు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా? ఈసారి నరసన్న మూడు వేళ్ళు పట్టుకున్నాడు. కుర్రవాడి నుదుటి మీద చెమట పట్టింది, ఇక దిగడు. శెట్టి అరచేతిని గట్టిగా నొక్కి "ఖరారు!" అన్నాడు. చాలా రోజుల తరవాత మంచి బేరం తగిలినట్టు అనిపించింది.

ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, విస్తరి ముందు కూర్చున్నాడు.

"ఐదు అడిగినాడు. మూడుకు దించినా" అన్నాడు మీసం తడుముకుంటూ.

"దేన్ని?" అంది భాగ్యలక్ష్మి.

"సత్రాన్ని. వారానికి మూడు దినాలు, ఆ నాటకం పిల్లోళ్ళకు."

"మనం ఇయ్యాలనుకున్నది ఎన్ని?"

నోటి దాకా పోయిన ముద్ద అక్కడే ఆగిపోయింది.

"ఒకటీ లేదు" అన్నాడు.

భాగ్యలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఏడుపో నవ్వో అని శెట్టి చెవి ఒగ్గి విన్నాడు. నవ్వే.

కాశప్ప శెట్టి తెల్లారి లక్ష్మీనారాయణ శెట్టి ఇంటికి పోయాడు. సత్రానికి ఈయన ఒక ధర్మకర్త అయితే ఆయన రెండో ధర్మకర్త. పెద్ద వ్యాపారి, పెద్ద పొట్ట, దేవుడంటే భయం, పనివాళ్ళంటే కోపం. ఆయన కాదంటే తన మీద మాట పడకుండా తప్పించుకోవచ్చునని కాశప్ప శెట్టి లోపల లెక్క వేసుకునే పోయాడు.

అనుకున్నట్టే లక్ష్మీనారాయణ శెట్టి మండిపడ్డాడు. "దేవుని సొత్తు పత్తి మూటనుకున్నావా? పైగా వాండ్లలో అన్ని కులాలోళ్ళూ ఉండారు, సాబుల పిలగాడూ ఉండాడు. నువ్వు తమాషాకు సెయ్యి నొక్కినావని నేను సెప్తాలే. పిల్లోళ్ళతో ఏసిన బేరం బేరమేనా?"

కాశప్ప శెట్టి తల ఊపితే చాలు, గండం గడిచిపోయేది. అందుకే కదా వచ్చింది! కానీ తమాషా అన్న మాట దగ్గర మీసం నిక్కపొడుచుకుంది.

"తువ్వాలు కింద సెయ్యి పెద్దదా సిన్నదా, యే కులందా అని కండ్లకు కనపడదు లక్ష్మీనారాయణా. కనపడగూడదనే మన పెద్దోళ్ళు గుడ్డ కప్పినారు. ఆ సెయ్యి నేను నొక్కినా. ఈ పొద్దు కాదంటే, రేపు నా సేతిలో సెయ్యి పెట్టేదెవురు?"

"అట్లనా? అయితే అనుభవించు. వాండ్ల దినాన యాత్రికులు వచ్చినారనుకో, యేం సేస్తావు? పిల్లోళ్ళను లేపితే నీ మాట పాయ. తలుపు తియ్యకుంటే మీ నాయన మాట పాయ. ఆ పొద్దు వస్తా, నిన్ను సూసేదానికి."

కాశప్ప శెట్టి బయటికి వచ్చాడు. ఎదుటివాడు చెప్పిన మాట ముల్లులాగా లోపల దిగింది. అది ఆయనకు ముందే తోచి ఉండాల్సిన మాట. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడం దేనికని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

సోమ, బుధ, శుక్రవారాలు కుర్రవాళ్ళవి. తాళంచెవి మాత్రం చేతికివ్వలేదు. తనే వచ్చి తలుపు తీసేవాడు. బీడీ కూడదు, చెప్పులు కూడదు, గోడకు మేకు కొట్టకూడదు, రాణి మెల్లగా ఏడవాలి. ఇన్ని చెప్పి, బయట అరుగు మీద వాళ్ళకు వీపు పెట్టి కూర్చునేవాడు. నాటకం చూడనని ఒట్టు. వినకూడదని మాత్రం ఎవరూ ఒట్టు పెట్టించలేదు.

పది రోజులు ఓర్చుకున్నాడు. పదకొండో నాడు రాజు ధాన్యం ఇవ్వడానికి మంత్రితో ఒప్పుకునే చోట, అరుగు మీది నుంచి గట్టిగా కేక వేశాడు.

"వాడెవడ్రా రాజు! అంత తొందరగా ఒప్పుకుంటాడా? ముందు వానల గురించి మాట్లాడమను. లేసి పోయేటట్ల సెయ్యమను. మంత్రి లాగల్ల వాణ్ణి, లాగల్ల!"

వీపు తిప్పకుండానే చెప్పాడు. ఆ రోజు నుంచీ ఆ ఘట్టం ఎంత బాగా కుదిరిందంటే, కుర్రవాళ్ళు కూడా రాజు పక్షమో మంత్రి పక్షమో మరచిపోయి చూసేవాళ్ళు. శెట్టి ఇంట్లో స్నానం చేస్తూ రాజు మాటలు అప్పజెప్పేవాడని భాగ్యలక్ష్మి చెబుతుంది. ఆయన ఒప్పుకోడు.

తెర పని నబీ సాబ్‌ది. దుకాణాల మీద పేర్లు రాసి బతికే పందొమ్మిదేళ్ళ కుర్రవాడు, మాట తక్కువ. పత్తి నింపే బోరె సంచులు విప్పి, ఒకదానికొకటి కుట్టి, చింతపిక్కల జిగురు కాచి పూసి, దాని మీద ఆదోని కొండా కోటా దించాడు. ఇంట్లో అంత గుడ్డ పరిచే చోటు లేదు. సత్రం హాలు సరిగ్గా సరిపోయింది. ఇరవై రెండు రోజులు మోకాళ్ళ మీద పాకుతూ రంగు వేశాడు. కుర్రవాళ్ళవి కాని రోజుల్లో కూడా శెట్టి ఆ తెరను కదిలించకుండా, దాని చుట్టూ ఊడ్చుకుంటూ వచ్చేవాడు.

శ్రావణం వచ్చింది. మంత్రాలయంలో ఆరాధన రోజులు. ఆదోనిలో వాన పడితే పండగ అనుకునే జనం మూడు రోజుల ముసురుకు విసుక్కోవడం మొదలుపెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం, మంత్రాలయం దారిలో వంక పొంగి, పోయిన బస్సు పోయినట్టే తిరిగి వచ్చింది. కాసేపటికి సత్రం ముందు ముప్పై అయిదు మంది తడిసిన మూటలతో నిలబడ్డారు. వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చినవాడు ఎవరో కాదు, శెట్టిని చూస్తే బండి కదిలించే ఆ కండక్టరే.

"ఇంగో శెట్టీ, నీ యాత్రికులు. ఎన్నేండ్ల నుంచో అడుగుతాంటివి" అన్నాడు నెత్తిన గోనెసంచి కప్పుకుని.

అరుగు మీద కూర్చున్న శెట్టి ఒక్క ఉదుటున లేచాడు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, చలికి వణుకుతున్న వాళ్ళు. నిజం యాత్రికులు! ఆయన కళ్ళు చెమర్చాయి. తండ్రి ఎక్కడున్నా చూస్తున్నాడనుకున్నాడు. తలుపు వైపు రెండడుగులు వేసి, ఆగిపోయాడు.

లోపల గోడ నుంచి గోడ దాకా తెర పరిచి ఉంది. నబీ సాబ్ అప్పుడే కోటకింద పచ్చరంగు పూసి లేచాడు. అంతా తడి తడిగా మెరుస్తూ ఉంది. మడిస్తే అంటుకుపోతుంది, ఎత్తితే కారిపోతుంది. బయట పరుద్దామంటే వాన. పైగా ఇవాళ శుక్రవారం. తన సత్రం తనది కాని రోజు.

వీధికి అవతల గొడుగు పట్టుకుని లక్ష్మీనారాయణ శెట్టి నిలబడి ఉన్నాడు. వస్తానన్నాడు, వచ్చాడు. మాట తప్పని శెట్లు ఆదోనిలో ఇద్దరున్నారన్నమాట.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కాశప్ప శెట్టి తీయండ్రా అని ఒక్క అరుపు అరిస్తే కుర్రవాళ్ళు తీసేవాళ్ళే. ఆ అరుపు ఆయన నోట రాలేదు. నరసన్న దగ్గరికి పోయి తువ్వాలు తీశాడు. నరసన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నన్నడగొద్దు శెట్టీ. తెర వానిది."

శెట్టి నబీ సాబ్ వైపు తిరిగాడు. తువ్వాలు పరిచాడు. పచ్చరంగు చెయ్యి లోపలికి వచ్చింది. శెట్టి ఒక్క వేలు పట్టుకున్నాడు. ఒక్క రోజు అని అర్థం. తండ్రి కట్టించిన సత్రాన్ని ఒక్క రోజుకు ఇమ్మని పందొమ్మిదేళ్ళవాణ్ణి అడుగుతున్నాడు. ఎండల గురించి గానీ వానల గురించి గానీ మాట్లాడడానికి ఆయనకు నోరు రాలేదు.

నబీ సాబ్ ఒకసారి తెర వైపు చూశాడు. ఒకసారి బయట వణుకుతున్న ముసలమ్మ వైపు చూశాడు. తరవాత అరచెయ్యి విప్పి, ఐదు వేళ్ళూ శెట్టి చేతిలో పెట్టేశాడు.

"ఐదు ఏంటికిరా? నేనడిగింది ఒకటే" అన్నాడు శెట్టి, పైకే.

"వాన ఎన్ని దినాలుంటాదో యెవురికి తెలుసు శెట్టీ?" అన్నాడు నబీ సాబ్.

పదకొండుమందీ తెర అంచులు పట్టుకుని దూలానికి ఎత్తి కట్టారు. చూస్తూండగానే కోట కిందికి జారింది. కొండ మీది పచ్చదనం కారి నేల దాకా వచ్చింది. నబీ సాబ్ బావి దగ్గరికి పోయి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. కడిగినా రంగు పోలేదు.

ఆ తరవాత ఎవరికీ తీరిక లేదు. రాజు బండలు తుడిచాడు. రాణి పొయ్యి రాజేశాడు. మంత్రి చంటిపిల్లను ఎత్తుకుని తిరిగాడు. భాగ్యలక్ష్మి జొన్నరొట్టెలూ పప్పూ చేయించి పంపింది. సందెవేళ శెట్టి గూట్లో దీపం పెట్టాడు. ఆ దీపం వెలుగులో మనుషులు కనపడడం ఎన్నేళ్ళకు! కడుపులు నిండాక యాత్రికులే అడిగి నాటకం ఆడించుకున్నారు. బేరం ఘట్టంలో ముసలివాళ్ళు కూడా లేచి నిలబడి నవ్వారు. ఈసారి శెట్టి వీపు తిప్పి కూర్చోలేదు.

నాటకం అయ్యాక, దేవనకొండ నుంచి వచ్చిన తాయమ్మ అనే ముసలమ్మ అడిగింది. "ఈ సత్రం ధర్మకర్త ఎవురు నాయనా? సల్లగుండాల. ఒకసారి దండం పెట్టుకుంటా."

అందరూ కాశప్ప శెట్టి వైపు చూశారు. తడవలేక లోపలికి వచ్చి ఒక మూల ఒదిగి కూర్చున్న లక్ష్మీనారాయణ శెట్టి కూడా చూశాడు. కాశప్ప శెట్టి లేచి నిలబడ్డాడు. ఇచ్చిపుచ్చుకున్న సంగతిని ముప్పై ఏళ్ళలో మొదటిసారి నలుగురి ముందు, తువ్వాలు కప్పకుండా, నోటితో చెప్పాడు.

"ఈ పొద్దు శుక్రవారం గదమ్మా. శుక్రవారం వాండ్లది. అదిగో, ఆ పచ్చరంగు సేతులాయన ఉండాడే, ఆయన ఇస్తేనే నాకూ దొరికింది."

తాయమ్మ పోయి నబీ సాబ్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. కుర్రవాడు సిగ్గుతో చచ్చిపోయాడు.

కారిపోయిన తెరను నబీ సాబ్ మళ్ళీ గీయలేదు. ఆ చారలను వాన చేసి, పైన మబ్బులు పెట్టాడు. ఎమ్మిగనూరు తేరునాడు కరువు కథకు వాన తెర ఏమిటని కొందరు అన్నారు గానీ, ఎక్కువమంది తెర కిందికి దిగేదాకా కళ్ళు తిప్పలేదట. అది తరవాతి మాట.

ఆదివారం యాత్రికులు వెళ్ళిపోయారు. సోమవారం శెట్టి మండీకి వచ్చాడు. తువ్వాలు మీద పచ్చటి అయిదు వేళ్ళ మరక ఉంది. ఉతకడానికి ఇమ్మంటే ఇవ్వలేదు. నేరుగా హమాలీలు కూర్చునే చోటికి పోయి నరసన్నను లేపాడు. "వారంలో ఇంగా నాలుగు దినాలు మిగిలుండాయి" అని మాత్రం అని, తువ్వాలు కప్పాడు.

నరసన్నకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహమాటపడి ఒక్క వేలు పట్టుకున్నాడు. శెట్టి కోపంతో నాలుగు పట్టుకున్నాడు. నరసన్న రెండు పట్టుకున్నాడు. "వాన బాగా పడింది" అంటూ శెట్టి మళ్ళీ నాలుగు పట్టుకున్నాడు. నరసన్న మూడు దగ్గర ఆగితే శెట్టి చెయ్యి వెనక్కి తీసుకుని పోబోయాడు. నరసన్న నవ్వాపుకోలేక ఆయన్ని వెనక్కి లాగి నాలుగు పట్టుకున్నాడు. శెట్టి అరచెయ్యి నొక్కి "ఖరారు" అన్నాడు. తువ్వాలు తీసేసరికి నరసన్న చేతిలో తాళంచెవి ఉంది.

"ఒకటుండాది శెట్టీ. వేళ్ళతో సెప్పేది కాదు, నోటితోనే సెప్తా" అన్నాడు నరసన్న. "మేమున్నా లేకున్నా, వాకిట్లో దీపం మాత్రం మీరే పెట్టల్ల. వచ్చేటోళ్ళు వస్తే మేము లేస్తాము."

శెట్టి తల ఊపాడు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, విస్తరి ముందు కూర్చున్నాడు.

"ఒకటి అడిగినాడు. నాలుగుకు ఎక్కించినా" అన్నాడు.

భాగ్యలక్ష్మి రొట్టె వడ్డిస్తూ ఆయన మొలతాడు వైపు చూసింది. "అట్లయితే మనకేం మిగిలింది?"

"దీపం ఉండాది" అన్నాడు కాశప్ప శెట్టి, ఇంకో రొట్టెకు ఒక వేలు చూపిస్తూ.